ఉప్పేసిన పడుగు

"ఉప్పు వేశావా?" అన్నాడు మా ఆయన, గంజి గ్లాసు నోటి దగ్గర పెట్టగానే.

"వేశాలే."

"అయితే వీధి తలుపు దగ్గరికి వెయ్యి. గేదె వస్తుంది."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. ఆ మధ్యాహ్నమే పోయాడు. పోయేముందు మనిషి దేవుణ్ణి తలుచుకుంటాడంటారు. మా ఆయన గేదెను తలుచుకున్నాడు. తప్పు ఆయనది కాదు, నాది. చారెడు ఉప్పుతో ఒక నెల నూలునూ, ఒక వీధి పరువునూ, ఒక గవర్నమెంటు గుమాస్తా బుర్రనూ ఒకేసారి పాడుచేసిన ఘనురాలిని నేను. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు నాంచారు రాస్తోంది. నవ్వుతూ రాస్తోంది కాబట్టి అక్షరాలు వంకరపోతే నన్ననకండి.

గంజి అనే మాట ఉందే, అది ఊరందరి సొత్తు. వంటింట్లో అది ఆకలికి. వైద్యుడి నోట పథ్యం. బట్టలుతికేవాళ్ళకు చొక్కాను నిలబెట్టే మందు. బెజవాడలో గోడలకు యుద్ధం కాగితాలు అంటించేవాళ్ళకు జిగురు. మగ్గం ఉన్న మాలాంటి ఇళ్ళలో అది పడుగుకు ప్రాణం. మగ్గం మీద నిలువుగా సాగే పోగులే పడుగు. గంజి పట్టకపోతే పుటుక్కున తెగిపోతాయి. పేరు ఒకటే గాని పనిపనికీ పాకం వేరు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ చేసినదాన్నే గదా తెలివితక్కువ పని అంటారు!

నేను కాపరానికి వచ్చింది యుద్ధం రోజుల్లో. మా నాన్న చీరల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. అందుకని చీర అందం నాకు తెలుసు, చీర పుట్టుక తెలియదు. అప్పుడు నూలు కంట్రోలు. కార్డు మీద నెలకోసారి ఇచ్చే నూలుతోనే మగ్గం ఆడాలి. ఆ నూలును చాటుగా అమ్ముకుంటున్నారేమోనని బెజవాడ నుంచి గుమాస్తా వచ్చి చూసేవాడు. సరైన పడుగు కనబడకపోతే కార్డు రద్దు. కార్డు పోతే మగ్గం మూత, ఆ వెంటనే పొయ్యి మూత.

ఆ పొద్దున మా అత్త చెప్పింది: "రెండు కుండలు పెట్టవే. ఒకటి పడుక్కి, ఒకటి మనకి."

కొత్త కోడలు పొద్దెరగదు. నేను కట్టెల వంక చూశాను. రెండు పొయ్యిలు దండగ అనుకున్నాను. ఒకే పెద్ద కుండలో కాచి, చారెడు ఉప్పు ఒకేసారి పడేసి, కలియబెట్టి, ఆనక రెండుగా పంచాను. నా పొదుపుకు నేనే మురిసిపోయి రెండు గరిటెలు ఎక్కువ తాగాను కూడా.

పడుగును వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, మా ఆయన ఒక పక్క, అత్త ఒక పక్క కుంచెలతో గంజి పట్టించారు.

"ఇవాళ గంజి బాగా కుదిరిందే," అంది అత్త. ఆవిడ నోట మెచ్చుకోలు రావడమంటే నడి ఎండాకాలంలో కృష్ణకు వరద రావడమే. "ఆరేదాకా కాపలా ఉండు. మేమింత తాగి వస్తాం."

కాపలా అంటే అరుగు మీద కూర్చుని ఎదురింటావిడకు నా కట్టెల పొదుపు వర్ణించడం. అప్పుడే కాలవకు పోయే గేదెలు నాలుగు వచ్చాయి. రోజూ వచ్చేవే, రోజూ పడుగు పక్కనుంచి పోయేవే. ముందు గేదె ఆగింది. మూతి పెట్టింది. ఒక్కసారి నాకింది. తల ఎత్తి మిగతావాటి వంక చూసింది, బూరెలు బాగున్నాయని పక్క పంక్తికి సైగ చేసే పెళ్ళిపెద్దలాగా.

"హెయ్! హెయ్!" అని అరిచాను.

"ఏమిటే?" అంది అత్త లోపల్నుంచి.

"ఏం లేదత్తయ్యా! గేదెలు పోతున్నాయి!"

పోతేగా! ఈ చివర రెండు, ఆ చివర రెండు చేరి వీణ వాయించినట్టు నాకుతున్నాయి. కుంచెతో కొట్టాను. కుంచెనూ నాకాయి.

మా ఆయన గ్లాసుతో బయటికి వచ్చాడు. గేదెను చూశాడు. గ్లాసులోకి చూశాడు. ఒక గుటక వేశాడు.

"ఉప్పు వేశావా?"

"మనకే వేశాను."

"మరి పడుక్కి?"

"కుండ ఒకటే," అన్నాను నేల చూపులు చూస్తూ.

"ఉప్పు వెయ్యనేల, గేదెను తోలనేల!" అని వెనకే వచ్చిన అత్త నెత్తి కొట్టుకుంటుండగానే సైకిలు గంట మోగింది. గుమాస్తా!

"పడుగేదమ్మా?"

"ఇదేనండి," అన్నాడు మా ఆయన.

"మరి ఈ గేదెలు?"

కార్డు పోయిందనే అనుకున్నాం. అప్పుడు మా అత్త కొంగు సర్దుకుని, "అవి పనిలో ఉన్నాయి బాబూ," అంది.

"పనిలోనా?"

"నాలికతో పోగులు నునుపు చేస్తున్నాయి. చదువుకున్న తమకి నేను చెప్పాలా?"

మగ్గం గుంటకూ మంచినీళ్ళ బావికీ తేడా తెలియని ఆ మనిషి గంభీరంగా తల ఊపాడు. "తెలుసు, తెలుసు. మంచి పద్ధతే. పైవాళ్ళు ఇలాంటివే అడుగుతున్నారు," అని ఏదో రాసుకుని పోయాడు.

కార్డు దక్కింది. పడుగు కడిగి, చిక్కులు తీసి, తెగిన పోగులు ముడివేసి మళ్ళీ గంజి పట్టించేసరికి మూడు రోజులు. నా వేళ్ళు వంకాయలంత అయ్యాయి.

అంతటితో పోతే బాగుండేది. మరుసటి నెల పడుగు సాగదీసే పొద్దుకు గుమాస్తా టోపీ పెట్టుకున్న ఆఫీసరును వెంటబెట్టుకుని దిగాడు. "దొరగారు గేదెల పద్ధతి చూస్తారట!"

చూపించకపోతే అబద్ధం బయటపడుతుంది. అత్త నన్ను వంటింట్లోకి లాగింది.

"ఆవేళ ఉప్పెంత వేశావే?"

"చారెడత్తయ్యా."

"ఇవాళ రెండు చారెళ్ళు వెయ్యి. వచ్చినవాడు పెద్ద ఆఫీసరు."

అందుచేత, కృష్ణమ్మ సాక్షిగా, మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను: ఈ జన్మలో ఇక ఒక కుండ గంజికి రెండు పనులు చెప్పను. అయినా ఇప్పుడు ఈ ఇంట్లో గంజి తాగేది నేనొక్కదాన్నే.

రాశావా నాంచారూ? నవ్వింది చాల్లే. మొదట్లో మీ మామయ్య ఉప్పు అడిగాడు చూడు, అక్కణ్ణుంచి ఒకసారి చదివి వినిపించు.