ముందు పలకరించినవాళ్ళే లోకువ

అద్దంకి దగ్గర ఒక పల్లెలో మిరపకోతకి పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళే ముఠా మేస్త్రి కోటిరత్నం. కాయ కోస్తూనే కాపురాలు చక్కదిద్దేది. అత్తాకోడళ్ళ తగువు సాలు మొదట్లో మొదలైతే చివరికొచ్చేసరికి తీర్పు అయిపోయేది. మొగుడూపెళ్ళాల విషయంలో మాత్రం ఆమె దగ్గర ఒకటే మందు. "ముందు పలకరించినవాళ్ళే లోకువే! నోరు మూసుకుని కూర్చో. వాడే వస్తాడు," అనేది. కొందరి మొగుళ్ళు నిజంగానే వచ్చారు. దాంతో ఆవిడ మాట వేదమైపోయింది.

సొంత మొగుడు అంకయ్య మాత్రం రాలేదు.

తొమ్మిదేళ్ళ కిందట మార్చిలో కోటిరత్నం తల్లి ఒంగోల్లో పోయింది. ఆ రోజే మబ్బు పట్టింది. కౌలుకు చేసిన రెండెకరాల కాయా కల్లంలో ఆరబోసి ఉంది. పట్టాలు కప్పి వస్తానని ఆగిన అంకయ్య, శవాన్ని ఎత్తేశాక చేరాడు. "మా అమ్మకన్నా నీకు కాయలే ఎక్కువయ్యాయా?" అని ఆమె పదిమందిలో నిలదీసింది. తడిసి, అలిసిపోయి ఉన్న మనిషి, "ముసలామె ఎటూ పోయేదేగా! కాయ పోతే ఏం తింటాం?" అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే మాట జారిపోయింది.

అంతే. ఒకే కప్పు కింద, ఒకే కుండలో కూడు తింటూ తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. మొదట్లో కూతురు బిందుమాధవి మధ్యవర్తి. ఆ పిల్ల పెళ్ళయి పిడుగురాళ్ల వెళ్ళాక ఆ ఉద్యోగం గేదెకి పడింది. "ఏమే, కూర చల్లారిపోతోంది," అని ఆమె గేదెతో అంటే అంకయ్య వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. ఊరు నవ్వింది. నవ్వదూ మరి!

అద్దంకి వెళ్ళినప్పుడల్లా అంకయ్య మూరెడు మల్లెపూలు తెచ్చి తలుపు గొళ్ళేనికి తగిలించేవాడు. బతిమాలడమంటే ఇంకేముంటుంది? కోటిరత్నానికి అర్థం కాకపోలేదు. నోటితో అంటేనే లెక్క అని పంతం పట్టుకుని కూర్చుంది. పూలు గొళ్ళేనికే ఎండిపోయేవి.

మొన్న జనవరిలో అంకయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. ఆస్పత్రిలో డాక్టరు, "మీరనేదంతా ఆయనకి అర్థమవుతుందమ్మా. మాట రావడం మాత్రం కష్టం. మీరు మాట్లాడుతూ ఉండండి," అన్నాడు. కోటిరత్నం మంచం మీదికి వంగింది. తొమ్మిదేళ్ళ తర్వాత, "ఏవయ్యా, నేను," అంది. అంకయ్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

ఇంటికి తెచ్చాక ఇక ఆగలేదు. "వానకి ఆగావని నాకు తెలుసయ్యా. ఆ కాయ తడిస్తే ఆ ఏడు మన నోట్లో మట్టే. తెలిసే పంతం పట్టాను. నా మీద కోపం పెట్టుకున్నావా?" అని అడిగింది. లేదని తల ఊపాడు. తర్వాత ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. "బ... బ..." అని తప్ప రాలేదు. మంచినీళ్ళా? కాదు. బిందు రావాలా? కాదు. అమ్మ గురించా? కాదు. చదువు రాని మనిషి, రాసి చూపించే దారీ లేదు. రోజూ అదే ప్రయత్నం, అదే శబ్దం. ఆమె అడగని ప్రశ్న లేదు, ఒక్కటీ అది కాదు.

ఆ రోజుల్లోనే ముఠాలో పనిచేసే హారిక వచ్చింది. "వారమైందత్తా, మా ఆయన మాట్లాడక. నువ్వు చెప్పినట్టే నేనూ బిగబట్టుకుని ఉన్నా," అంది, మెచ్చుకుంటుందని.

"నా నోరు పడిపోను! నా మాట పట్టుకుని కూర్చున్నావటే!" అని కోటిరత్నం లేచింది. "పో, ఇప్పుడే పోయి పలకరించు. లోకువైతే అవుతావు, ఏం కొంప మునిగింది?" అంటూ ఆ పిల్లను రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. ఆ తర్వాత గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

ఈమధ్య అంకయ్య ఆ ప్రయత్నం మానేశాడు. ఆమె మాత్రం రోజూ పొద్దుగూకే వేళ మంచం పక్కన కూర్చుని, "ఏదో చెప్పబోయేవాడివిగా, ఇంకొక్కసారి చూడవయ్యా. ఈసారి పట్టుకుంటాను," అంటుంది. అంకయ్య ఆమె వైపు కాసేపు చూసి, ఎడమచేత్తో ఆమె చెయ్యి తట్టి, పోనీలే అన్నట్టు తల ఊపుతాడు.