పని లేదని రుజువు

"నీకు పనుంది గదమ్మా," అన్నాడు కిటికీ అవతలి గుమాస్తా, నా ముఖం కూడా చూడకుండా.

డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లకు సర్కారు నెలనెలా భృతి ఇస్తున్న రోజులవి. నేను బీఈడీ పూర్తిచేసి రెండేళ్లయింది. టీచరు పోస్టుల పరీక్ష రాయాలంటే ఒంగోలులో ఉండి కోచింగు తీసుకోవాలి. కోచింగు ఫీజు మా పిన్ని కడతానంది. హాస్టలు ఖర్చు మాత్రం నేనే చూసుకోవాలి. భృతి వస్తే ఒంగోలు, రాకపోతే మార్కాపురం బజారులో మా నాయన స్టీలు సామాన్ల దుకాణం. అంతే లెక్క.

"ఏం పని సార్?"

"వ్యాపారం. సర్వేలో అట్లనే రాసినారు. అందుకే నీది కొట్టేసినారు."

"ఆ దుకాణం మా నాయనది సార్. నాకు పైసా జీతం ఇయ్యడు."

"నాకూ చాలినంత ఇయ్యరు. అట్లని నేను పని చేయట్లేదని రాసుకోమంటావా?"

వెనక వరుసలో వాళ్లు నవ్వారు. బేరంలో పక్కవాళ్లను నవ్వించినవాడు సగం గెలిచినట్టే. ఆ విద్య నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు, కానీ ఎదుటివాళ్ల మీద వాడటమే తెలుసు. అరువు అడగడానికి వచ్చిన మనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరకు ఆయనే ఒక మాట చెప్పాడు.

"అర్జీ పెట్టుకో. ఈ వారంలో మా మనిషొచ్చి చూస్తాడు. నువ్వు దుకాణంలో కనపడకూడదు. మా పిల్లకు పని లేదని మీ నాయన చెప్పాల. అప్పుడు మారుస్తాం."

కనపడకుండా ఉండటం తేలికే. మా నాయన చేత 'లేదు' అనిపించడమే కష్టం.

మా వ్యాపారుల ఇళ్లలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి ఆ మాట అనడు. అడిగిన గిన్నె లేకపోతే "రేపొస్తది" అంటాం. చిల్లర లేకపోతే "ఇప్పుడే అయిపాయ" అంటాం. 'లేదు' అంటే ఆ రోజుకి లక్ష్మి గడప దిగిపోతుందని నాయన తల్లి, మా జేజి, నేర్పిన భయం. అంతకుముందు సర్వే ఆయన వచ్చినప్పుడు నాయన గల్లా దగ్గరే కూర్చుని ఉన్నాడు. "మీ అమ్మాయి ఏం చేస్తది, ఉద్యోగం లేదా?" అని ఆయన అడిగాడు. నాయన మీసం తడుముకుంటూ, "దుకాణమంతా చూసేది మా పాపే గదయ్యా!" అన్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర అదే నోటితో, "ఇంత చదివించినా ఖాళీగా కూసోని తింటాండావు" అన్నాడు. ఇంట్లో పనిలేని దాన్ని, సర్కారు కాగితంలో వ్యాపారిని. రెండు చోట్లా నష్టం నాకే.

అర్జీ సంగతి చెప్పగానే నాయన మండిపడ్డాడు.

"గల్లా మీద కూసోని ఆ మాట నేననను. సచ్చినా అనను."

"అయితే కిందికి దిగి అను."

"దిగితే గల్లా ఎవురు సూస్తారే? నువ్వా? నీకు పని లేదంటివి గదా!"

"నువ్వే గదా నన్ను వ్యాపారిని చేసింది!"

"తప్పేముంది? భృతికి చేయి చాపే దానికంటే మేలే. బజార్లో నా ముఖం ఎట్ల పెట్టుకోవాల?"

మరునాటి నుంచి దుకాణం వెనక ఇంట్లోనే ఉండిపోయాను. మధ్యలో ఒక్క తలుపే అడ్డం. బయట నాయన ఒక్కడే. ఆయన బేరం చెడగొట్టడంలో దిట్ట. ఎదుటివాడు ధర అడగ్గానే తన తాతను తిట్టినట్టు ముఖం పెడతాడు. మూడు రోజులు తలుపు చాటున పళ్లు నూరుకుంటూ విన్నాను.

నాలుగో రోజు ఎవరో హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చి బిందె ధర అడిగాడు.

"పన్నెండొందలు," అన్నాడు నాయన.

"ఏడొందలిస్తా."

"ఏడొందలకు ప్లాస్టిక్ది కొనుక్కో పో. ఆ పక్క సందులో దొరుకుతది."

ఆ మనిషి బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. బోణీ బేరం! బుద్ధి ఉన్న మనిషైతే ఆ తలుపు వెనకే ఉండేది. నేను చీర కొంగు కూడా సర్దుకోకుండా బయటకు వచ్చేశాను.

"అన్నా, ఆగన్నా! నాయన పొద్దున్నే కాఫీ తాగలేదు, అందుకే అట్ల. ఇదిగో, అడుగు మీద తట్టి చూడు. ఈ చప్పుడు పల్చటి రేకుకొస్తదా? నీ ఇంటికి కాబట్టి వెయ్యి."

"ఎనిమిదొందలు."

"వదినమ్మ తిడుతుందని భయపడుతున్నావు గానీ, రేపు ఈ బిందె చూసినాక నీకు ఒక కాఫీ ఎక్కువ పోస్తది. తొమ్మిదొందల యాభై, మళ్లా అడగొద్దు."

తొమ్మిదివందలకు తెగింది. డబ్బు చేతికి తీసుకుని, నాయన వైపు గర్వంగా చూశాను. ఆ మనిషి సంచిలోంచి మడత కాగితం తీశాడు.

"ఈ దుకాణంలో అమ్మాయి పని చేస్తదా లేదా చూసి రమ్మన్నారు," అంటూ నా పేరు చదివాడు.

నాయన గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది.

"లేదు సార్," అన్నాడు. "మా పిల్లకు పని లేదు. ఏ పనీ లేదు."

పాతికేళ్లలో ఆయన నోట నేను ఆ మాట వినలేదు. తొమ్మిదివందలు నా చేతిలోనే ఉన్నాయి.

"పనిలేని పిల్లేనా పెద్దాయనా, నాకు అక్కరలేని బిందె అమ్మింది? ఊరికే ధర అడిగినా నేను."

"బిందె ఉంచుకో అన్నా, డబ్బులు తీసుకో," అన్నాను గబగబా. ఇంకా బేరమే!

"ఇది కూడా రాయమంటావా?" అన్నాడు ఆయన. డబ్బున్న చేయి వెనక్కి తీసుకున్నాను. 'స్వయంగా వ్యాపారం చేయుచున్నది' అని రాసి, కింద నాయన చేత సంతకం పెట్టించుకుని, బిందె బండి ముందు పెట్టుకుని పోయాడు.

ఆయన సందు మలుపు తిరిగే వరకు నాయన ఆగాడు. "నా నోట ఆ మాట అనిపించి, నువ్వు బేరానికి పోతావా? సిగ్గులేదూ!"

సిగ్గు నిజంగానే లేకపోయింది, కోపమే మిగిలింది. రెండో తిరస్కరణ వచ్చిన రోజు ఆ కాగితం గల్లాపెట్టె మీద పెట్టాను.

"నేను పని చేస్తున్నానని సర్కారే చెప్పింది. నువ్వు సంతకం పెట్టినావు. జీతం ఇయ్యి."

"ఇంటి పిల్లకు జీతమేంది? అన్నం పెట్టట్లేదా?"

"అయితే ఇంటి పిల్లగా ఇంట్లోనే ఉంటా."

పెళ్లిళ్ల రోజులవి. సారె సామాన్లకు జనం ఎగబడే కాలం. వారం పాటు తలుపు తీయలేదు. బయట బేరాలు ఒక్కొక్కటీ చెడిపోతుంటే చెవులు మూసుకున్నాను. ఎనిమిదో రోజు నాయన తలుపు తోసి, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"హాస్టలుకు నెలకెంత?"

అసలుకు మూడొందలు కలిపి చెప్పాను. ఆయన ఐదొందలు కోశాడు. ఆ తేడా పిన్నినే అడుక్కోవలసి వచ్చింది.

"ఊరికే ఇయ్యట్లేదు. ఆదివారాలొచ్చి దుకాణంలో కూసోవాల."

"బస్సు చార్జీ ఎవరిది?"

ఆయన అప్పటికే గల్లా వైపు నడిచాడు. నేను ఒంగోలు బస్సెక్కిన రోజు షట్టరు సగం దించుకుని లోపలే ఉన్నాడు. బస్సు చార్జీ పంపలేదని మొదటి ఆదివారం నేను వెళ్లలేదు. రెండో నెల హాస్టలు డబ్బు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది.