డబ్బాలో అమ్మ గొంతు

మా బాబాయిని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. సభలకూ సమావేశాలకూ మైకుసెట్టు పెట్టడం ఆయన పని. హాల్లోకి జనం రాకముందే "హలో... హలో... టెస్టింగ్" అన్న కేక వీధి చివరిదాకా వినిపించేది. దాంతో ఊరందరికీ హలో బాబాయి అయిపోయాడు. ఆ పిలుపు తనకు దక్కిన బిరుదని ఆయన నమ్మకం. "ఆ కేక ఇంట్లో వేయకండి, చెవులు చిల్లులు పడుతున్నాయి," అని మా పిన్ని రోజూ మొత్తుకునేది. ఆయనకు వినపడేది కాదు.

ఒకసారి ఆస్పత్రి పెద్ద డాక్టరు ఉపన్యాసానికి బాబాయి మైకు పెట్టాడు. పుట్టగానే ప్రాణం మీదికొచ్చిన పసిపిల్లలకు వైద్యం చేయడంలో ఆ డాక్టరు చేయి తిరిగినవాడు. ఆ మాటకొస్తే మాట్లాడటంలోనూ అంతే, మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు మైకు కీచుమనలేదు, గరగరలాడలేదు. డాక్టరుకు తన గొంతు మీద తనకే మోజు పుట్టింది. సభ అయ్యాక బాబాయిని పిలిచి భుజం తట్టాడు.

"ఏమయ్యా, చిన్న గొంతుల్ని కూడా ఇంత బాగా పట్టగలవా?"

"చీమ దగ్గినా పడతాను సార్," అన్నాడు బాబాయి.

అలా ఆయన పరిశోధనలో కాలు పెట్టాడు.

పరిశోధన ఏమిటంటే, తల్లి గొంతు వినిపిస్తే ఐసీయూలో ఉన్న పసికందుల గుండె, ఊపిరి కుదుటపడతాయా లేదా అన్నది. మంచి ప్రశ్నే, వంక పెట్టడానికి లేదు. కానీ తల్లులెక్కడున్నారో చూడాలి మరి. ఐసీయూ తలుపుకు ఇవతల, నడవలో, ఇనప బెంచీ మీద ఉన్నారు. లోపల గాజుపెట్టెల్లో పిల్లలు, బయట బెంచీ మీద తల్లులు, మధ్యలో ఒక తలుపు. సాయంత్రం పూట కాసేపు లోపలికి వదిలేవారు. అది కూడా చేతులు కట్టుకుని దూరం నుంచి చూసి పోవడానికే. ఇన్‌ఫెక్షన్ వస్తుందని రూలు. ఆ తలుపు తీయడం ఒక్కటి తప్ప, తల్లి గొంతును లోపలికి పంపడానికి ఎన్ని ఉపాయాలు ఉన్నాయో అన్నీ డాక్టరు ఆలోచించాడు.

సెలైన్ డబ్బాలు పెట్టుకునే గది ఖాళీ చేయించి, గోడలకు పాత పరుపులు కొట్టించి, రికార్డింగు గది అన్నారు. బెంచీ మీద నుంచి తల్లులు ఒక్కొక్కరే వచ్చి బిడ్డతో మాట్లాడినట్టు మైకులో మాట్లాడాలి. ఆ మాటలు అగ్గిపెట్టెంత డబ్బాలో ఎక్కించి గాజుపెట్టెలో పెడతారు. సగం డబ్బాల్లో గొంతు ఉంటుంది, సగం మూగవి. రెండు రకాల పిల్లలనూ పోల్చి చూస్తేనే కదా తేడా తెలిసేది! ఏ డబ్బా మాట్లాడుతుందో, ఏది మూగదో డాక్టరుకు గానీ సిస్టర్లకు గానీ తెలియకూడదట. తెలిసింది బాబాయి ఒక్కడికే.

ఇంతటి రహస్యం చేతికొచ్చాక మా బాబాయి నేల మీద నడవడం మానేశాడు. తల్లులకు దర్శకుడైపోయాడు.

పాపం, ఒక చిన్నమ్మాయి ఉండేది. టైలరు దుకాణంలో గుండీలు కుట్టే పిల్ల. ఆమె పాపకు గుండెలో లోపం, ఊపిరి మిషను మీద ఉంది. ఆ పిల్ల మైకు ముందు కూర్చుని "బంగారూ..." అంటూనే ఏడ్చేసింది.

"ఏడుపొచ్చిన చోట కత్తిరిస్తాలే తల్లీ," అన్నాడు బాబాయి. "ఇంకోసారి. ఈసారి కాస్త నవ్వుతూ."

ఆమె నవ్వుతూ చెప్పింది. ఎలా చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి.

ఏడుపులు, దగ్గులు, ముక్కు ఎగబీల్చడాలు అన్నీ తీసేసి, గొంతుకు నునుపు పెట్టేవాడు. ఆయన చేయి పడ్డాక ప్రతి తల్లీ రైల్వే స్టేషన్లో బండి వస్తోందని చెప్పే ఆవిడలా తయారయ్యేది. ఒకరోజు ఇంటికి తెచ్చి గర్వంగా పిన్నికి వినిపించాడు. నాలుగైదు గొంతులు విని పిన్ని అంది:

"ఏమండీ, ఇంతమంది పిల్లలకూ తల్లి ఒక్కతేనా?"

"నీకు సౌండు గురించి తెలియదే," అని సామాను మూట కట్టుకుని లేచాడు.

కండక్టరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. సిటీ బస్సులో కండక్టరు. ఏడో నెలలో కాన్పయింది. బిడ్డకు ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోలేదు. మనిషి బక్కగా ఉంటుంది గానీ గొంతు మాత్రం కిక్కిరిసిన బస్సులో ముందు సీటు దాకా పోవాల్సిన గొంతు. మైకు ముందు కూర్చోగానే మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఏం చేస్తున్నావురా లోపల? అక్కడే నిలబడిపోకు, ముందుకు జరుగు. గాలి పీల్చు. మళ్ళీ పీల్చు. నీ కోసం బండి ఆపి కూర్చున్నాను, గుర్తుపెట్టుకో."

బాబాయి చెవుల మీద నుంచి హెడ్‌ఫోను లాగేశాడు.

"తల్లీ, కాస్త మెత్తగా..."

"నా గొంతు ఇంతే అన్నా. కడుపులో ఉన్నప్పుడు వాడు రోజంతా విన్నది దీన్నే. ఇప్పుడు మార్చి మాట్లాడితే ఎవరో పక్కింటావిడ అనుకుంటాడు."

ఎంత నునుపు పెట్టినా ఆ గొంతు లొంగలేదు. అంత కష్టం అక్కర్లేకపోయింది కూడా. చీటీలు తీస్తే ఆమె బిడ్డకు మూగ డబ్బా వచ్చింది.

ఆ సంగతి ఆమెకు చెప్పకూడదు. ఆమె మాత్రం రోజూ వచ్చి కొత్త మాటలు చెప్పిపోయేది. డ్రైవరు ఏమన్నాడు, ఏ స్టాపులో ఎవరు గొడవ పెట్టుకున్నారు, ఇంట్లో వాడి కోసం ఉయ్యాల ఏ మూల కట్టారు, అన్నీ. వెళ్ళేముందు ఒకటే అడిగేది.

"నిన్నటిది విన్నాడా అన్నా?"

"విన్నాడమ్మా, శుభ్రంగా విన్నాడు," అనేవాడు బాబాయి. మొదట్లో ఆమె కళ్ళలోకి చూసే అనేవాడు. తర్వాత్తర్వాత వైర్లు సర్దుకుంటూ అనడం మొదలుపెట్టాడు.

ఇంతలో పరిశోధనకు నిధులిచ్చే కమిటీ పెద్దలు ముగ్గురు స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. డాక్టరుకు కాలు నిలవలేదు. డబ్బా గొంతు గాజుపెట్టెలో పిల్లకు తప్ప బయటికి వినపడదు కదా, వచ్చినవాళ్ళు ఏం వింటారు? "ఏదైనా చేయవయ్యా," అన్నాడు. అదే ఆయన చేసిన తప్పు. మా బాబాయితో ఏమైనా అనొచ్చు గానీ ఏదైనా చేయమని అనకూడదు.

బాబాయి ఆ పొద్దున డబ్బాలన్నీ బయటికి తీసి, రికార్డింగు గదిలో వరసగా పేర్చి, బహిరంగ సభలకు వాడే తన పెద్ద ఆంప్లిఫయరు తగిలించాడు. స్విచ్చి వేశాడు. టప్పున ఒక చప్పుడు, సన్నగా పొగ, పరుపుల గదినిండా కాలిన ప్లాస్టిక్ కంపు. అమ్మల గొంతులన్నీ ఒక్క దెబ్బతో బూడిదయ్యాయి. కమిటీ కారు అప్పటికే గేటు దాటింది.

డాక్టరు గోడకు ఆనుకుని, "నా కొంప ముంచావు కదయ్యా!" అన్నాడు.

బాబాయికి ముచ్చెమటలు పోశాయి. ఆ కంగారులోనే నోరు జారింది. "సార్, బయట బెంచీ మీద ఒరిజినల్స్ ఉన్నాయి కదా."

"ఏం ఒరిజినల్స్?"

"అమ్మలు సార్. గాజుపెట్టెల పక్కన పచ్చ తెరలున్నాయి. వెనక కూర్చోబెడదాం. డబ్బా మాట్లాడినట్టే మాట్లాడతారు."

మామూలు రోజైతే డాక్టరు ఆయన్ని మెడపట్టి గెంటేవాడే. ఆ రోజు మెడ మీద కత్తి వేలాడుతోంది మరి. "గొంతు గ్రూపు తల్లుల్నే పిలువు. మూగ గ్రూపును కదిలించకు," అన్నాడు. పెద్ద సిస్టరు వెంటనే సబ్బు, గౌన్లు తెచ్చి పెట్టింది. ఎన్నేళ్ళ నుంచో ఆ తలుపు తీయమని అడిగి అడిగి నోరు నొప్పిపుట్టిన మనిషి ఆవిడ.

బాబాయి నడవలోకి వచ్చి పిలవాల్సినవాళ్ళను పిలిచాడు. కండక్టరమ్మ కూడా లేచింది.

"నువ్వు కాదు తల్లీ."

"నేనెందుకు కాదు?"

చెప్పడానికి ఏ అబద్ధమూ నాలుక మీదికి రాలేదు. "నీ వాడిది మూగ డబ్బా అమ్మా. నీ గొంతు వాడికి వినిపించలేదు. ఒక్కరోజు కూడా."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"టికెట్టు కొట్టి, మనిషిని కిందే వదిలేసి బస్సు పోనిస్తే, ఆ మనిషి మర్నాడొచ్చి నా చెంప పగలగొడతాడు అన్నా. నిన్నింకా ఎవరూ కొట్టలేదా?"

అని, ఆయన్ని పక్కకు తోసి, అందరికన్నా ముందు తనే వెళ్ళి చేతులు కడుక్కుంది.

కమిటీ లోపలికి వచ్చేసరికి పచ్చ తెరల వెనక నుంచి సన్నగా మాటలు వినిపిస్తున్నాయి. ఒకరు గొణుగుతున్నారు, ఒకరు ఊరికే పేరు పెట్టి పిలుస్తున్నారు. మధ్యలో ఎవరో తుమ్మారు.

"తుమ్ము కూడా రికార్డు చేశారే!" అన్నాడు కమిటీలో పెద్దాయన.

"సహజత్వం కోసమండీ," అన్నాడు డాక్టరు.

"ముందుకు జరగరా నాన్నా, గాలి పీల్చు!" అని ఒక మూల నుంచి ఖంగుమని వినపడింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"అది కొంచెం తగ్గించగలరా?"

బాబాయి చేతిలో ఉన్న కాలిపోయిన ఆంప్లిఫయరుకు సౌండు తగ్గించే బిరడా ఒకటి మిగిలి ఉంది. దాన్ని గంభీరంగా తిప్పాడు, తిప్పుతూ తెర వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. తెర వెనక గొంతు అదాటున తగ్గింది.

"అబ్బ! ఎంత సున్నితమైన యంత్రం!" అన్నాడు పెద్దాయన.

వాళ్ళు మెచ్చుకుని, మళ్ళీ వస్తామని చెప్పి, కారెక్కారు. డాక్టరు చెమట తుడుచుకుని లోపలికి వచ్చాడు. "సరే అమ్మా, ఇక అందరూ బయటికి పదండి."

ఎవరూ కదల్లేదు. తెర తీస్తే, కండక్టరమ్మ గాజుపెట్టె కంతలోంచి చేయి పెట్టి ఉంది. ఆమె వేలిని వాడు పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే, ఆ పిడికిలికి అంత బలమేముంటుంది, చుట్టుకున్నాడంతే.

"నా స్టాపు ఇంకా రాలేదు సార్. నేను దిగను."

"ఇన్‌ఫెక్షన్ వస్తుందమ్మా!"

"చేతులు కడిగించాను, గౌన్లు వేయించాను. ఆ వచ్చిన ముగ్గురూ చెప్పులతో తిరిగిపోయారు సార్, ముందు ఆ నేల తుడిపించాలి," అని పెద్ద సిస్టరు వెళ్ళిపోయింది. వెళ్ళిందల్లా మిగతా తల్లుల్ని కూడా పిలుచుకు వచ్చింది. మళ్ళీ వస్తామన్న కమిటీ, బూడిదైన డబ్బాలు, రెండూ తలచుకుని డాక్టరు "ప్రస్తుతానికి" అని ఒప్పుకున్నాడు. ఆ ప్రస్తుతం ఇంకా నడుస్తూనే ఉంది.

తల్లులు లోపలికి రాగానే పిల్లలందరూ కేరింతలు కొట్టారని చెప్తే వినడానికి బాగానే ఉంటుంది. అలాంటిదేమీ జరగలేదు. కొందరు తేరుకున్నారు, కొందరు అలాగే ఉన్నారు. గుండీలు కుట్టే అమ్మాయి పాప ఆ వారంలోనే పోయింది. పోయినప్పుడు తల్లి అరచేయి పాప తల మీద ఉంది. అంతకు ముందైతే బెంచీ మీద ఉండగా వచ్చి చెప్పేవారు.

వెళ్ళిపోయే ముందు ఆ అమ్మాయి బాబాయిని వెతుక్కుంటూ వచ్చింది. "పాపతో నేను మాట్లాడినవి ఉన్నాయా అండీ? ఒకసారి వినాలని ఉంది."

డబ్బా కాలిపోయినా, పిన్నికి వినిపించడానికి తీసిన నకలు బాబాయి ఇంట్లో ఉంది, వెళ్ళి తెచ్చాడు. చాలా పనితనం చూపించిన ముక్క. జాగ్రత్తగా ఆమె చెవులకు హెడ్‌ఫోను పెట్టాడు. చివరిదాకా విని, తీసి, చేతికిచ్చింది.

"ఇది నేను కాదండీ."

"నువ్వే తల్లీ. కాస్త శుభ్రం చేశానంతే..."

"మరి నేను ఏడ్చింది?"

అది తీసి పారేశాడు. ఎక్కడా లేదు. ఆ పాపది మాట్లాడే డబ్బా. ఆ చివరి రోజులు తప్ప బతికినన్నాళ్ళూ తన తల్లే పోల్చుకోలేని గొంతు విని పోయింది. ఆ రోజు ఇంటికి వచ్చి బాబాయి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏమైందని పిన్ని అడిగితే, "మంచి ముక్కలన్నీ చెత్తలో పారేశానే," అన్నాడు.  

డాక్టరు మాత్రం దిగ్విజయంగా బయటపడ్డాడు. డబ్బాల సంగతి ఎత్తకుండా "ప్రత్యక్ష మాతృ ధ్వని విధానం" అని పేరు పెట్టి పెద్ద వ్యాసం రాశాడు. తల్లి పక్కనుంటే బిడ్డకు మేలని కనిపెట్టినందుకు సభలు పెట్టి శాలువాలు కప్పారు. అంతకు ముందు ఆ సంగతి లోకానికి తెలియదు కాబోలు.

కండక్టరమ్మ కొడుకు బతికాడు. ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా బాగుపడలేదు, చలిగాలి తగిలితే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ఇంటికి తీసుకువెళ్ళే రోజు బిడ్డను బాబాయికి చూపించింది, చేతికి మాత్రం ఇవ్వలేదు.

"నీ మీద కోపం పోలేదు అన్నా. పోయినప్పుడు చెప్తాను."

"సరే తల్లీ," అన్నాడు బాబాయి.

రికార్డింగు పని లేకపోయినా డాక్టరు ఆయన్ని వదల్లేదు. తల్లి కూర్చునే కుర్చీ మీద కొత్త పరిశోధన మొదలైంది. సగంమంది తల్లులకు వీపు ఆనుకునే కుర్చీ, సగంమందికి ఉత్త స్టూలు. ఎవరు ఎక్కువసేపు కూర్చోగలరో చూడాలట. పంచిపెట్టే బాధ్యత బాబాయిది. ఇంట్లో చెప్తే పిన్ని నోరు తెరిచింది.

"కోసి కుట్లు వేసుకున్న బాలింతలండీ! నడుం నొప్పి పుడుతుందా లేదా అని వాళ్ళనే అడిగితే పోలా?"

"అడిగేస్తే అది పరిశోధన ఎలా అవుతుందే?" అన్నాడు బాబాయి. అన్నాడే గానీ, చాలాసేపు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు.

మర్నాడు స్టూళ్ళు ఆస్పత్రికి వచ్చాయి. వాటిని మేడ మీదికి ఎక్కించేటప్పుడు బాబాయి చేయి జారింది. ఒకటి జారితే అనుకోవచ్చు, ఒకదాని వెనక ఒకటి అన్నీ జారాయి. కాళ్ళు విరిగిన స్టూళ్ళు మెట్ల కింద గుట్టగా పడ్డాయి. "నీ చేతుల్లో ఏముందయ్యా, వెన్నా?" అని డాక్టరు చిందులు తొక్కాడు. బాబాయి తల దించుకుని తిట్లన్నీ తిని, కుర్చీలన్నీ లోపలికి చేరవేసి, ప్రతి గాజుపెట్టె పక్కనా ఒకటి వేసి వచ్చాడు.