సమాధుల దొడ్డి బయట నిలిచిన క్రేన్

నా చిన్నప్పుడు మా వైపు చెట్టు కొట్టాలంటే గొడ్డలి, మోకు, నలుగురు మనుషులుంటే చాలు. క్రేన్ అనేది కాలువ పనుల దగ్గర నోరు తెరుచుకుని చూసే వస్తువు. తొంభైలలో ఒకసారి అలాంటి క్రేన్ ఉదయగిరి దగ్గరున్న మా ఊరి సమాధుల దొడ్డికి రావలసి వచ్చింది. ఈదురుగాలికి అక్కడి నిద్రగన్నేరు చెట్టు వేళ్లు సగం పైకి లేచి, సమాధుల మీదికి వాలిపోయింది. మొదలు నరికితే సమాధి రాళ్లన్నీ పిండి అవుతాయి. వదిలేస్తే మరో గాలికి తనే పడుతుంది. కొమ్మ కొమ్మకూ మోకు కట్టి, కోసి, పైకెత్తి, రోడ్డు మీదికి దించడం తప్ప వేరే దారి లేదు.

మా నాయన చర్చి సంఘానికి పెద్ద. ఆత్మకూరు నుంచి చిన్న క్రేన్ మాట్లాడుకొచ్చాడు. చిన్నదైతే గేటులోంచి దూరుతుందని ఆయన ఆలోచన. డ్రైవరు దిగి చెట్టు చుట్టూ తిరిగి, పక్కనే నిలబెడితే ఈ బండి బరువు మోస్తుందనీ, రోడ్డు మీద నుంచి చెయ్యి చాపితే బండే బోర్లా పడుతుందనీ చెప్పాడు. నాకు అర్థం కాలేదు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, నేను పనివాళ్లకు తెచ్చిన నీళ్ల బిందె చూపించింది. "చంకన పెట్టుకుంటే మోస్తావు గదమ్మే, చెయ్యి చాపి పట్టుకో చూద్దాం" అంది. చాపాను. భుజం ఊడినంత పనైంది. నీళ్లన్నీ గౌను మీదే.

కాబట్టి చిన్న క్రేన్ లోపలికి రావలసిందే. గేటు నుంచి చెట్టు దాకా రాళ్లు లేని చదును నేల ఉంది. వట్టి గడ్డే గదా అన్నారు అందరూ. మా దొడ్డిలో డబ్బున్నవాళ్లకే రాతి సమాధి. లేనివాళ్లకు మట్టి కుప్ప, అదీ నాలుగు వానలకు నేలలో కలిసిపోతుంది. ఈ సంగతి తెలియనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. అయినా కంటికి ఖాళీగా కనబడగానే మరిచిపోయారు.

బండి కదిలింది. అవ్వ వెళ్లి దానికి ఎదురుగా గడ్డిలో కూర్చుంది. నాయనకు తల కొట్టేసినట్టయింది. లెయ్యమ్మా అని కసిరాడు. ఆమె గొంతు పెంచలేదు. అరచేత్తో నేల తడిమి, "ఈడ నా పెద్దబిడ్డ ఉండాడురా. నీకంటే ముందు పుట్టినోడు" అంది.

తనకొక అన్న ఉండేవాడని నాయన ఆ రోజు దాకా వినలేదు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. "నేను లోపలికి రాలేనన్నా. నెల్లూరు నుంచి పెద్దది తెప్పించుకోండి. దానికి చెయ్యి పొడుగు, రోడ్డు మీదుండే ఎత్తుతాది" అని బండి తిప్పుకుపోయాడు.

అది వచ్చేదాకా గాలి వీచినప్పుడల్లా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. చెట్టు కిర్రుమనే చప్పుడు వాకిట్లోకి వినబడేది. నాకందులో పసిబిడ్డ ఏడుపు వినిపించేది. నాయన రోజూ వెళ్లి దొడ్డి గోడ బయట నిలబడి వచ్చేవాడు.

చివరికి పెద్ద క్రేన్ వచ్చింది. రోడ్డు మీదే ఇనుప కాళ్లు దించుకుని, కొమ్మలను ఒక్కొక్కటే ఎత్తింది. మొద్దులు గాలిలో పోతుంటే వాటి నీడలు గడ్డి మీద పాకాయి. ఒక్క రాయి కూడా కదల్లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంటికి నడుస్తూ, పెదనాయనకు ఆ చోట మనం కూడా రాయి పెడదామా అని అవ్వను అడిగాను. ఆమె ఆగిపోయింది. "ఏ చోటమ్మే? నాకు తెలిస్తే గదా! బాలింతనని పూడ్చేటప్పుడు నన్ను రానియ్యలేదు. దొడ్డిలో ఏడనో ఉండాడు." మరి అక్కడే ఎందుకు కూర్చున్నావన్నాను. "ఏడుండాడో తెలియనప్పుడు అంతా వాడుండే చోటే గదా" అంది.

ఆ తర్వాత నాయన ప్రతి ఈస్టరుకూ తెల్లవారకముందే వెళ్లి, అవ్వ కూర్చున్న ఆ గడ్డిలోనే పూలు పెట్టేవాడు. అవ్వ పక్కన నిలబడి చూసేది. నాతో అన్న మాట ఆయనతో అనేది కాదు.

ఇప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు, రాళ్ల కింద. నాకూ తల నెరిసింది. చదునుగా, ఖాళీగా ఉన్న నేల ఎక్కడ కనబడినా నా కాలు ఒక్క క్షణం ఆగుతుంది. అడుగు ఎక్కడ వెయ్యాలో కింద ఉన్నవాళ్లను అడగాలనిపిస్తుంది.