పాయలు గీయించిన మేడం

మా జువాలజీ మేడం పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే తెలిసింది. కల్లంలో నాన్నతో కలిసి మిరపకాయలు తిరగేస్తుంటే క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. ఒంగోలులో బడికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారట. నాకు ఏడుపు రాలేదు. మా కాలేజీలో ఆమె ఉద్యోగం పోవడానికి కారణం నేనేనా అన్న భయం కిందటి జూన్ నుంచి లోపలే ఉంది. ముందు అదే పైకి వచ్చింది.

ఆమె పొదిలిలో మాకు గెస్ట్ లెక్చరర్. ప్రతి జూన్‌లో కాలేజీ కమిటీ మళ్ళీ రమ్మంటేనే ఆ ఏడు ఉద్యోగం. బస్సు దిగి నడిచొచ్చి, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాకే పాఠం మొదలుపెట్టేవారు. మా రికార్డుల్లో అందమైన వాక్యం కనిపిస్తే కింద గీత గీసి, "మాట బాగుంది. నిజమేనా?" అని రాసేవారు. కొత్త మాట దొరికితే మూడు రోజులు దాన్నే వాడే నాకు ఆ గీతలు ఎక్కువ పడేవి.

కిందటేడు సైన్స్ ఎగ్జిబిషన్‌కి మానవ పరిణామం మీద చార్టు నాకు అప్పగించారు. నేను చెట్టు గీశాను. ఒక్కో కొమ్మ ఒక్కో మానవజాతి, కొసన మనం. మేడం చాలాసేపు చూసి, విడిపోయిన కొమ్మలు మళ్ళీ కలవవు కదా అన్నారు. ఇప్పుడు ఎముకలే మిగిలిన నియాండర్తల్, డెనిసోవన్ మనుషులు మన పూర్వీకుల నుంచి లక్షల ఏళ్ళ కిందటే వేరుపడ్డారనీ, ఆఫ్రికా దాటి వచ్చిన మనవాళ్ళు వాళ్ళను మళ్ళీ కలిసి పిల్లల్ని కన్నారనీ, వాళ్ళ వాటా కొంచెం ఇప్పటికీ మన ఒంట్లో ఉందనీ చెప్పారు.

"ఎండాకాలం గుండ్లకమ్మ ఏటిని చూశావా? ఇసకలో పాయలుగా చీలుతుంది. కొన్ని ఇంకిపోతాయి, కొన్ని మళ్ళీ కలుస్తాయి. అలా గియ్యి."

అదే ఏడు మా నాన్న ఒక పొరపాటు చేశాడు. రెండు రకాలు కలిపి చేసిన హైబ్రిడ్ మిరప బాగా కాసిందని ఆ కాయల్లోంచే విత్తనం తీసి మళ్ళీ వేశాడు. చేనంతా కలగాపులగం అయింది. ఒక మొక్కకు పొడుగు కాయ, పక్కదానికి పొట్టిది, ఇంకోదానికి ముడతది. నలుగురూ అడుగుతారని నాన్న దారి మార్చుకుని చేనికి వెళ్ళేవాడు. సంగతి విని మేడం ఆ చేను చూడ్డానికి వచ్చారు. బొబ్బర తెగులుకు ఆకులు ముడుచుకుపోయిన సాళ్ళ మధ్య పచ్చగా నిలబడ్డ నాలుగు మొక్కలు చూపించి, కలిసిన రెండు రకాల్లో ఏదో ఒకటి ఇచ్చిన బలం అయ్యుండొచ్చు అన్నారు. రోగాలను తట్టుకునే గుణాలు కొన్ని ఆ పాత మనుషుల నుంచి మనకూ అలాగే వచ్చాయట. ఆ పంట వేశాక నాన్న నవ్వడం అప్పుడే చూశాను. ఆ కాయలనే చార్టు కింద బల్ల మీద పెట్టాం.

పాయలుగా గీసిన కొత్త చార్టు పైన ఖాళీ ఉంటే నేనొక వాక్యం రాశాను. ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో. "మనమందరం నియాండర్తల్ సంతానం." మేడంకి చూపించలేదు.

కమిటీ ప్రెసిడెంటు గారు పెద్ద మిరప రైతు. ఎగ్జిబిషన్ రోజు వస్తూనే ఆ వాక్యం దగ్గర ఆగారు.

"ఏంటమ్మా ఇది? మా తాతముత్తాతల పేర్లు ఏడు తరాలు చెప్తా. అందులో ఈ ఎముకలోళ్ళు ఎక్కడున్నారు?" వెనక ఎవరో నవ్వారు. "తీసెయ్యండి. పిల్లలకి ఇయ్యా నేర్పేది?"

వచ్చే జూన్ ఆయన చేతిలో ఉందని అక్కడ అందరికీ తెలుసు. మేడం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"ఇది తప్పండీ. మనలో చాలా వరకూ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళదే. వీళ్ళ వాటా కొంచెమే," అన్నారు. స్కెచ్ పెన్ను నా చేతిలో పెట్టి, అందరి ముందూ కొట్టేయమన్నారు. కొట్టేశాను. అయినా ఆయన చార్టు పీకడానికి చెయ్యి చాపారు. మేడం అడ్డం రాలేదు, పక్కకు జరగనూ లేదు.

"తప్పు తీసేశామండీ. మిగిలింది నిజం. దాన్ని నేను తియ్యను."

ఆ చెయ్యి అలాగే కాసేపు ఉండి, బల్ల మీదికి దిగింది. ఒక ముడత కాయ తీసి తుంచి, గింజలు చూసి, ఆయన వెళ్ళిపోయారు. చార్టు సాయంత్రం దాకా ఉంది. జూన్‌లో మేడంకి పిలుపు రాలేదు.

ఆమె ఒంగోలులో ఒక బడిలో చేరాక, వెళ్ళి క్షమించమని అడిగాను. "ఎందుకు పిలవలేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. తెలియనిదాన్ని కథ చేసుకోకు," అన్నారు. టీ ఇచ్చి, ఇప్పుడేం చదువుతున్నావని అడిగారు.

మంగళవారం మధ్యాహ్నం నేను ఒంగోలులో మేడం ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో ప్రెసిడెంటు గారు నిలబడి ఉన్నారు. నా వాక్యం వల్లే ఆమెను వద్దన్నారా అని అడిగేశాను.

ఆయన నేల వైపు చూశారు. "నీ వాక్యం నాకు కలిసొచ్చిందమ్మాయ్, తిట్టడానికి దొరికింది. ఆవిడ దాన్నే కొట్టేయించింది. మిగిలినదానికి నా దగ్గర జవాబు లేదు. నేను జవాబు చెప్పలేని మనిషి రోజూ ఎదురుపడితే ఎట్టా? అందుకని వద్దన్నా."

నాకు కోపం వచ్చింది.

మేడంకి దగ్గరి బంధువులు తక్కువ. పాడె మొయ్యడానికి ఆమె తమ్ముడు, బడి వ్యాను డ్రైవరు, మా బాటనీ సార్ వచ్చారు. నాలుగో మనిషి కోసం చూస్తుంటే ప్రెసిడెంటు గారు చెప్పులు విడిచారు. ఎవరూ వద్దనలేదు. ఆయన పొట్టి మనిషి. లేపగానే పాడె ఆయన వైపు ఒరిగింది. ఒక చేత్తో పాడె పట్టుకుని, రెండో చేత్తో కండువా మడత పెట్టి భుజానికీ వెదురుకీ మధ్య దోపి, ఎత్తు సరిపోయాక మిగతా ముగ్గురితో కలిసి అడుగు వేశారు.