కోళ్ల నీళ్లలో పౌడర్, మా ఆయన కాలికి పుండు

కోళ్ల షెడ్డులో రేకుముక్క గుచ్చుకున్న మూడో రోజుకి మా ఆయన కుడికాలి చిటికెన వేలు ఉబ్బింది. షుగర్ ఉన్న మనిషి. దవాఖానకు పోదామన్నాను.

"ఎనిమిదేండ్ల సంది కోళ్లకు మందులిస్తున్న. నా వేలికి నాకు తెల్వదా?" అన్నాడు.

మహా డాక్టరు! కోళ్లకు రోగం అంటకూడదని షెడ్డు గుమ్మంలో బయటివాళ్లను కాళ్లు మందునీళ్లలో ముంచాకే లోపలికి రానిస్తాడు. తాను మాత్రం ఉత్త కాళ్లతో తిరుగుతాడు.

మెదక్‌లో ఒక మెడికల్ షాపువాడు చీటీ అడగకుండానే యాంటీబయాటిక్ ఇచ్చాడు. ఈయన మూడు రోజులు మింగి, నొప్పి తగ్గగానే మిగిలినవి డబ్బాలో దాచాడు. ఆ డబ్బా మా ఇంటికి పెద్ద గొప్ప. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా అందులోంచి రెండు గోలీలు ఇస్తాడు.

పది రోజులకు పాదం నల్లబడింది. హైదరాబాద్ తీసుకుపోయాం. చీము తీసి, ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ పరీక్షకు పంపారు. రిపోర్టు నిండా ఆర్, ఆర్, ఆర్.

"రెసిస్టెంట్ అని అమ్మా. ఈ మందులేవీ పనిచేయవు" అన్నారు డాక్టరమ్మ. పనేమిటని ఆయన్ని అడిగారు. రోగం లేకున్నా కోళ్ల నీళ్లలో యాంటీబయాటిక్ పౌడర్ కలుపుతానని గర్వంగా చెప్పాడు.

"మందును తట్టుకున్న బాక్టీరియానే మిగుల్తయి. ఆ తట్టుకునే జీన్‌ను పక్కదానికి ఇస్తయి. పక్కది వేరే జాతిదైనా తీసుకుంటది. మీకు కోళ్ల నుంచి వచ్చిందో, సగం మింగిన గోలీలతో వచ్చిందో చెప్పలేను. రెండూ బంద్ చెయ్యండ్రి."

"పౌడర్ అమ్మినోడు ఏం కాదన్నడు గదా మేడం!"

నాకు ఒళ్లు మండింది. కాలు పోయేట్టుంటే అమ్మినవాడి మాట పట్టుకుని వేలాడుతున్నాడు!

పనిచేసే ఇంజక్షన్ ఒక్కటే మిగిలింది. దానివల్ల కిడ్నీల మీద దెబ్బ పడి క్రియాటినిన్ పెరిగింది, రెండు రోజులు ఆపారు. రెండు వేళ్లు తీసేస్తేనే పాదం దక్కుతుందన్నారు. ఆపరేషన్‌కు ముందు నా చెయ్యి పట్టుకుని, "నడుస్తనా?" అని ఏడ్చాడు. తిడదామనుకున్నదాన్ని కొంగుతో ఆయన కళ్లు తుడిచాను. నాకూ భయమేసింది.

పాదం దక్కింది. ఇప్పుడు బూట్లేసుకుని షెడ్డుకు పోతున్నాడు. పౌడర్ మానేశాడు, డబ్బా నేనే పారేశాను. పుండు మానకపోతే ముందు కల్చర్ చేయించండి. డాక్టరు రాసిన మందు రాసినన్ని రోజులూ మింగండి.

మొన్న పక్కింటామె వచ్చింది. "అన్నా, పిల్లకు జ్వరం. రెండు గోలీలుంటే ఇయ్యరాదే."

"గోలీలు లేవు చెల్లె. దవాఖానకు పోండ్రి" అని, మా ఆయన బూటు విప్పి పాదం చూపించాడు.