పావుగంటకోసారి పైకి లేస్తాను

గోదావరిఖనిలో మాది స్టీలు సామాన్ల దుకాణం. ఆ రోజు పై అరలోంచి పెద్ద గుండిగ దించుతూ నిచ్చెన మీది నుంచి వెనక్కి పడ్డాను. గుండిగ నా కాళ్ల మీదే పడి ఉంది. బరువు మాత్రం తెలియడం లేదు.

హైదరాబాద్‌లో ఎంఆర్ఐ, ఆపరేషన్ అయ్యాక డాక్టర్ గారు చెప్పారు: "వెన్నులో డి12 పూస దగ్గర స్పైనల్ కార్డ్ బాగా దెబ్బతిన్నదమ్మా. నడకకు మాట ఇవ్వలేను. వీల్‌చైర్‌లో మీ పనులు చేసుకోగలరు."

"కర్ర పట్టుకొనన్న నడుస్తనా సార్?"

దుకాణంలో బేరాల మధ్య పెరిగిన నోరు. ఆయన మాత్రం దిగిరాలేదు.

రీహాబ్ వార్డులో గోడవైపు తిరిగి పడుకున్నాను. మళ్లీ దుకాణంలో కూర్చుంటానన్న ఆశ పోయింది. ఒక సాయంత్రం పక్క హాల్లో టకటక చప్పుడు వినిపిస్తే తల తిప్పి తలుపులోంచి చూశాను. మా ఊరి కొమురయ్య కాక, గనిలో పనిచేసి బండి ప్రమాదంలో నడుము విరిగిన మనిషి, వీల్‌చైర్‌లో కూర్చొని టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాడు.

"ఆటలాడే వయసా కాకా?" అని మంచం మీది నుంచే అరిచాను.

"పండుకునే వయసా బిడ్డా నీది?"

ఫిజియో స్వప్న నవ్వింది. "ఇది గూడ మందే అక్కా. యుద్ధంల నడుములిరిగిన సిపాయిలకు ఇంగ్లండ్ దవాఖానల ఒక డాక్టర్ ఇట్లనే ఆటలు నేర్పిండట. పారాలింపిక్స్ గక్కడి నుంచే వచ్చినయి. నువ్వు గూడ ఆడు. కానీ మంచం దిగి కుర్చీలకు నీ అంతట నువ్వే రావాలె."

"సగం నువ్వెత్తు, సగం నేను జరుగుత."

"బేరం లేదక్కా."

మంచం మీది నుంచి కుర్చీలోకి జరిగే ఆ ట్రాన్స్‌ఫర్ నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. మొదటి ఆటలో రెండు పాయింట్లు గెలిచి వార్డంతా చెప్పుకున్నాను. అవి కొమురయ్య కాక కావాలని వదిలేసినవని తర్వాత తెలిసింది.

కుర్చీలో ఒకేచోట ఒత్తిడికి పుండు పడకుండా పావుగంటకోసారి చేతుల మీద ఆనుకుని పిరుదులు పైకెత్తాలని స్వప్న చెప్పింది. గంటకోసారి చాలని నాకు నేనే బేరం కుదుర్చుకున్నాను. ఆటలో పడి అదీ మరిచాను. స్పర్శ లేని చోట పుండు పడితే ఎలా తెలుస్తుంది? నర్స్ చూసేసరికి ప్రెషర్ సోర్ లోతుగా దిగింది. మానేదాకా కూర్చోవద్దన్నారు. బోర్లా పడుకునే ఉన్నాను.

కాక రోజూ నా తల దగ్గరికి కుర్చీ తెచ్చేవాడు. "ఎంతకు కుదిరింది బిడ్డా బేరం?"

"ఆరు వారాలకు కాకా."

ఇప్పుడు మా దుకాణానికి ర్యాంప్ ఉంది. ఆదివారాలు కాకతో ఆట. అప్పుడప్పుడు నిజంగానే గెలుస్తున్నాను. వీల్‌చైర్‌లో ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే: మీ ఫిజియో చెప్పిన సమయానికి పైకి లేవండి, రోజూ అద్దం పెట్టి చర్మం చూసుకోండి. ఇందులో తగ్గింపు అడగకండి.

నా ఫోన్ పావుగంటకోసారి మోగుతుంది. బేరం మధ్యలోనైనా సరే, చేతులు ఆనించి పైకి లేస్తాను. దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్లు కంగారు పడతారు.

"కోపమెందుకక్కా, నువ్వన్న ధరకే ఇయ్యి!"

వాళ్లకు నేను అసలు సంగతి చెప్పను.